ఏమీ అడగని పిల్లని ముందు చూడండి: ఆటిజం ఉన్న తమ్ముడితో పెరిగే అక్కకి ఇంట్లో, బడిలో ఎలా తోడుండాలి

కిందటేడు నవంబరు చివర్లో మా పెద్దదాని స్కూలు బ్యాగు ఉతుకుదామని దులిపితే, అడుగు నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి రాలింది. బాలల దినోత్సవానికి తల్లిదండ్రుల్ని రమ్మని స్కూలువాళ్లు ఇచ్చిన స్లిప్పు. ఫంక్షన్ అయిపోయి అప్పటికే వారం దాటింది. అందులో మా పాప డాన్సు కూడా ఉంది. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, తలెత్తకుండా, "నువ్వొస్తే తమ్ముణ్ణి తేవాలి. తేకపోతే నువ్వు రాలేవు. అందుకే" అంది. ఏడవలేదు, అలగలేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పి హోంవర్కు తీసుకుంది.

పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. మాది విజయనగరం. బాబుకి ఆటిజం అని తెలిసిన దగ్గర్నుంచి మూడున్నరేళ్లుగా థెరపీకి వారానికి మూడుసార్లు విశాఖ రైలెక్కుతున్నాను. పాప ఎలా ఉందని ఎవరడిగినా, "దాంతో ఏ ఇబ్బందీ లేదండీ, బంగారం" అనేదాన్ని. ఇబ్బంది పెట్టకపోవడం ఆ పిల్ల నేర్చుకున్న పని అని ఆ స్లిప్పు చూసేదాకా నాకు తట్టలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో ఏం మార్చుకున్నామో, ఏవి పనిచేశాయో రాస్తున్నాను. మీ ఇంట్లో అక్క బదులు అన్నయ్యో చెల్లెలో ఉంటే దానికి తగ్గట్టు మార్చుకోండి.

1. పేరు పెట్టి చెప్పండి, మీరే చెప్పండి

చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే అనుకుంటాం. మూడేళ్ల పిల్లకి కూడా ఇంట్లో ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. దాని పేరే తెలియదు. మీరు చెప్పకపోతే ఆ పని చుట్టాలు చేసేస్తారు. మా ఇంట్లో అదే జరిగింది. గ్రహణం నాడు కడుపుతో బయట తిరిగిందని ఒకరు, ఫోనులో బొమ్మలు చూపించి పాడుచేశారని ఒకరు, గాలి సోకింది తాయెత్తు కట్టించమని ఇంకొకరు. అన్నీ పాప పక్కన కూర్చుని ఉండగానే. తర్వాత ఎప్పుడో ఒక రాత్రి పక్కలో పడుకుని అడిగింది: "తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు నేను ఒకసారి గట్టిగా ఊపేశాను. అందుకే మాటలు రాలేదా?" ఎన్నాళ్లుగా మోస్తోందో ఆ మాట!

వయసుని బట్టి చెప్పండి. నాలుగైదేళ్ల పిల్లకైతే, "తమ్ముడికి మాటలు ఆలస్యం. పెద్ద చప్పుడు వింటే చెవుల్లో గుచ్చినట్టు ఉంటుంది, అందుకే అరుస్తాడు. నీ మీద కోపంతో కాదు" అంటే చాలు. ఎనిమిది, పదేళ్ల మధ్య పిల్లలకి ఆటిజం అన్న మాట వాడే చెప్పండి. పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉంటుందని, జ్వరంలా అంటుకోదని, ఎవరి తప్పూ కాదని, ముఖ్యంగా నీ తప్పు కాదని. "పెద్దయ్యాక తగ్గిపోతుందా?" అని తప్పకుండా అడుగుతారు. తగ్గిపోతుందని మాటివ్వకండి. "వాడు చాలా నేర్చుకుంటాడు. ఆటిజం మాత్రం వాడితోనే ఉంటుంది" అన్నాను నేను. పాప కాసేపు ఆలోచించి, "అయితే వాడికి లెక్కలొస్తాయా?" అంది. అదీ దాని బాధ.

హైస్కూలు పిల్లలు నెట్‌లో వెతికేసి వస్తారు. టీకాల వల్ల వస్తుందన్న మాట అక్కడ దొరుకుతుంది. 1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు అలా రాసిన వ్యాసాన్ని, అది అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుందని చెప్పండి. జన్యువులకి ఇందులో పాత్ర ఉంది. కాబట్టి "నాకు పుట్టే పిల్లలకీ వస్తుందా?" అన్న భయం వాళ్లకి ఉంటుంది. బయటపడి అడగరు. "ఆ వేళ వచ్చినప్పుడు డాక్టరుతో మాట్లాడొచ్చు, ఇప్పట్నుంచీ బెంగపెట్టుకునే పని లేదు" అని మీరే ముందు అనేస్తే సగం బరువు దిగుతుంది.

ఇదంతా ఎదురుగా కూర్చోబెట్టి పాఠంలా చెబితే ఎక్కదు. మా పాప ప్రశ్నలన్నీ స్కూటీ వెనక సీటు నుంచే వస్తాయి. మొహాలు కనబడకపోతే ధైర్యం ఎక్కువ కాబోలు. ఒక్కసారి చెప్పి వదిలేయకండి. ఏడాదికోసారి పిల్ల పెరుగుతుంది, ప్రశ్న కూడా పెరుగుతుంది.

2. "నువ్వే సర్దుకో" అనడం మానండి

ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి పాప సైన్సు చార్టు పూర్తి చేసింది. రకరకాల ఆకులు ఎండబెట్టి అంటించి, కింద స్కెచ్‌ పెన్నుతో పేర్లు రాసుకుంది. రావి, జీడిమామిడి, పనస. నేను చపాతీ పెనం మీద వేసి ఇటు తిరిగేలోగా బాబు ఆ ఆకుల్ని ఒక్కొక్కటిగా పీకి, నలిపి, చెవి దగ్గర పెట్టుకుని ఆ గలగల వింటున్నాడు. పాప గొల్లుమంది. నా నోట్లోంచి ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది: "వాడికి తెలీదు కదే, నువ్వు పెద్దదానివి, సర్దుకో." పాప టక్కున ఏడుపు ఆపేసింది. నాకు అప్పుడది మంచితనంలా కనబడింది.

ఇప్పుడలాంటిది జరిగితే వరస ఇది. ముందు పాప దగ్గరికి వెళ్తాను, బాబు దగ్గరికి కాదు (వాడు క్షేమంగానే ఉంటే). "నీ చార్టు పాడుచేశాడు. అది తప్పే. నీకు కోపం రావడం న్యాయం" అంటాను. "కానీ" అన్న మాట ఆ వెంటనే రానివ్వను. తర్వాత నష్టం పూడుస్తాను. షాపు తెరిచి ఉంటే ఆ రాత్రే కొత్త చార్టు, లేదా టీచరుకి నా చేతిరాతతో ఒక చీటీ. ఆ తర్వాత బాబు శాంతించాక, వాడి చెయ్యి పట్టుకుని చెత్త ఎత్తించి బుట్టలో వేయిస్తాను. ఇది పాప కళ్ల ముందే జరగాలి. వాడికి శిక్షలు ఉండవు, రూల్సే ఉండవు అనుకునే పిల్ల మనసులో అన్యాయం పేరుకుంటుంది. వాడికీ రూలుంది, నేర్పే పద్ధతే వేరు అని చూపించాలి, చెబితే నమ్మరు.

కొట్టడం, కొరకడం, జుట్టు పట్టుకోవడం ఉన్న ఇళ్లలో ముందే ఒక ఒప్పందం చేసుకోండి. మా పాపకి నేర్పింది మూడే పనులు: టీవీ గానీ మిక్సీ గానీ మోగుతుంటే ఆపెయ్, పక్క గదిలోకి వెళ్లు, పెద్దవాళ్లని కేకెయ్. వాణ్ణి పట్టుకోవడం, ఓదార్చడం, ఎందుకిలా చేస్తున్నావని అడగడం దాని పనులు కావు. రెండు చెవులూ మూసుకుని గుండ్రంగా తిరగడం మొదలెట్టాడంటే తుఫాను వస్తోందని మాకు గుర్తు. మీ ఇంట్లో గుర్తు ఇంకోటి అయ్యుంటుంది. అది పిల్లలకి ముందుగా చెప్పి ఉంచండి.

ఎప్పుడైనా "వాడంటే నాకు ఇష్టం లేదు" అంటే ఉలిక్కిపడకండి. తప్పమ్మా, అలా అనకూడదు అంటే ఆ మాట ఇంకెప్పుడూ మీతో అనరు, మనసులో అనుకుంటారు. "ఇవాళ ఇష్టం లేదు. సరే" అని ఊరుకోండి. మా పాప రెండు గంటల తర్వాత వాడికి జంతికలో సగం విరిచి పెట్టింది. ప్రతిసారీ ఇలాగే అవుతుందని చెప్పలేను.

3. ఒక తాళం, ఒక గంట

తాళం అంటే నిజంగా తాళమే. మాది రెండు గదుల అద్దె పోర్షను, విడిగా గది ఇచ్చే స్తోమతు లేదు. గోడ బీరువాలో పై అర పాపకి ఇచ్చి చిన్న తాళంకప్ప పెట్టాను. ఒక తాళంచెవి దాని మెడలో, ఇంకోటి నా దగ్గర. రికార్డు పుస్తకాలు, రంగులు, చిన్నప్పటి బొమ్మ అందులో. ఇంట్లో ఒక చోటు తమ్ముడి చేతికి అందదని తెలిశాక, మిగతా చోట్ల వాడి మీద విసుక్కోవడం తగ్గింది.

గంట సంగతి చూస్తే, మీ గోడ మీద కాలెండరు తీయండి. థెరపీ రోజులకి ఎర్రపెన్నుతో సున్నా చుట్టండి. పాపకోసమే మీరు గడిపిన రోజులకి ఆకుపచ్చతో. నేను కిందటి నవంబరు పేజీ అలా చుట్టి చూశాను. ఎర్ర సున్నాలు పన్నెండు. ఆకుపచ్చ ఒక్కటీ లేదు. నెలకోసారి పెద్ద షికారు కంటే రోజూ పావుగంట మేలు. రాత్రి పడుకునే ముందు తలకి నూనె రాస్తూ అయినా సరే. దానికి తోడు వారానికి ఒక గంట మాకు శనివారం సాయంత్రం. ఇద్దరం పెద్ద చెరువు గట్టు వైపు నడుస్తాం, తిరిగొస్తూ పునుగుల బండి దగ్గర ఆగుతాం. ఆ గంటలో తమ్ముడి ఊసు నేనెత్తను. పాప ఎత్తితే వింటాను. ఏదైనా అడ్డం వచ్చి కుదరకపోతే, ఎందుకో చెప్పి, మళ్లీ ఎప్పుడో తారీఖుతో సహా చెప్తాను. చూద్దాంలే అన్న మాట ఆ పిల్లలకి మనకంటే బాగా అర్థమవుతుంది.

నేను బాబుతో విశాఖ వెళ్లే రోజు పాప పక్కింటి మామ్మగారి దగ్గర ఉంటుంది. ముందురోజు రాత్రే చెప్పేస్తాను: ఏ రైలుకి వెళ్తున్నాం, ఏ వేళకి వస్తాం, డబ్బాలో ఏముంది. రైలు ఆలస్యమైతే మామ్మగారికి ఫోన్ చేసి, పాపకే ఇమ్మని చెప్తాను. నాన్న హైదరాబాదులోనో, గుజరాత్‌లో చేపల బోటు మీదో పనిచేసే ఇళ్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్నో. అలాంటి ఇంట్లో ఫోను వచ్చినప్పుడు నాన్న మొదట అడిగేది "వాడెలా ఉన్నాడు?" అనే. వారానికి ఒక్క ఫోనైనా పాపకే చెయ్యమని, ఐదు నిమిషాలు దాని సంగతే మాట్లాడమని చెప్పండి.

4. రెండో అమ్మని చెయ్యకండి

మన ఇళ్లలో పెద్దపిల్ల చిన్నవాణ్ణి ఎత్తుకోవడం, అన్నం తినిపించడం మామూలే. అది తప్పని నేననను. ఎక్కడ గీత దాటుతున్నామో తెలుసుకోడానికి ఒక చిన్న పరీక్ష ఉంది: "ఇప్పుడు కుదరదమ్మా, ఆడుకుంటున్నాను" అని ఆ పిల్ల అనగలదా? అంటే మీరు ఒప్పుకోగలరా? రెండింటిలో ఏదైనా కాదంటే, సాయం కాస్తా డ్యూటీ అయిపోయినట్టే. స్నానం, బాత్రూము పనులు, మందులు, రోడ్డు మీద కాపలా, ఈ నాలుగూ నేను పాపకి అప్పజెప్పను. చెప్పులు తొడగడం, కథ చెప్పడం, తలుపు గడియ పెట్టి ఉందో లేదో చూడటం లాంటివి అదే వచ్చి చేస్తుంది.

మా అత్తగారు పాప తల నిమిరి, "మా తర్వాత వీడికి దిక్కెవరే, మీ అమ్మ తర్వాత అమ్మవి నువ్వేనే" అంటుండేవారు. ప్రేమతోనే. "అత్తయ్యా, ఆ మాట నాతో అనండి, దాంతో వద్దు" అని నేను చెప్పడానికి నెల పట్టింది. చెప్పాక ఆవిడే ఒకరోజు, "నాకూ చిన్నప్పుడు అలాగే అప్పజెప్పేశారమ్మా మా చెల్లిని" అన్నారు.

ఆ మాట అనకుండా ఉండాలంటే, మన తర్వాత ఏమిటన్నది మనమే కాగితాల మీద పెట్టాలి. సదరం సర్టిఫికెట్టు (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) వాయిదా వేయకుండా చేయించండి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. పద్దెనిమిది నిండాక సంరక్షకుల్ని కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ నియమిస్తుంది. ఆ ట్రస్టుదే నిరామయ అనే ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా. పాప ఇంటర్‌కి వచ్చాక ఈ ఫైలు తనకి చూపిస్తాను. బాధ్యత నీదే అని కాదు, ఏర్పాటు ఇదీ అని తెలియడానికి. తర్వాత చేరతానంటే దాని ఇష్టం.

ఇంకొకటి, పెళ్లిళ్ల సంగతి. "వాణ్ణి ఫంక్షన్‌కి తేకండి, రేపు అమ్మాయికి సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది" అని మాకు ఒక పెళ్లిలో మెల్లగా చెప్పారు. తొమ్మిదేళ్ల పిల్ల ముందు! ఇంటికొచ్చాక పాపతో, "తమ్ముణ్ణి దాచమనే సంబంధం మనకొద్దు" అన్నాను. అది అర్థం కాక నవ్వింది. పదేళ్ల తర్వాత గుర్తొస్తుందేమో.

5. బడిలో

ఇద్దరూ ఒకే బడి అయితే మొదటి గొడవ ఇది. బాబు ఏడిస్తే ఆయా పరుగున మూడో తరగతికి వెళ్లి "మీ తమ్ముడు ఊరుకోట్లేదు, రావే" అని పాపని లేపుకుపోయేది. రోజుకి రెండుసార్లు. నాకు తెలిసింది ఆర్నెల్లకి. బడిలో చిన్న కాగితం రాసివ్వండి, నోటిమాట చాలదు. నేను రాసింది ఇంతే: "బాబుకి ఏ అవసరం వచ్చినా నాకు ఫోన్ చేయండి. పాపని క్లాసు నుంచి పిలవొద్దు. బాబు డైరీ, డబ్బా, బట్టలు పాప చేతికి ఇవ్వొద్దు. బాబు గురించిన ఫిర్యాదు పాపతో చెప్పి పంపొద్దు." హెడ్‌మాస్టరుగారు చదివి, "ఇది మాకు తట్టలేదమ్మా" అన్నారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల జాబితాలో ఆటిజం ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ బడి అయితే మండలంలో భవిత కేంద్రం గురించి, ప్రత్యేక అవసరాల పిల్లలకి నేర్పే టీచరు గురించి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. ఆ టీచరు ఉంటే అక్క చేసే పని సగం ఆవిడ చేతికి పోతుంది.

వేళాకోళం క్లాసులో కంటే ఆటోలో, వ్యానులో ఎక్కువ. అక్కడ టీచరుండదు. "మీ గుంటడికి మాటల్రావేటి?", "మీ తమ్ముడు పిచ్చోడంట కదేటి?" అని అడిగే పిల్లల్లో సగం మంది నిజంగా తెలియకే అడుగుతారు. అలాంటివాళ్లకి ఒక జవాబు, ఏడిపించేవాళ్లకి ఇంకో జవాబు ఇంట్లోనే ప్రాక్టీసు చేయించండి. మేము రాత్రిపూట నాటకంలా వేశాం. వాళ్ల నాన్న ఏడిపించే పిల్లాడు, పాప పాపే. మొదటి జవాబు: "పిచ్చి కాదు, ఆటిజం. మాటలు లేటు. బొమ్మలు భలే వేస్తాడు." రెండోది: "చెప్పాను కదా. ఇంక చెప్పను" అని మొహం తిప్పేసుకోవడం. మూడోసారి కూడా అంటే వ్యాను అన్నకి చెప్పడం. ఆ డ్రైవరుతో ముందుగానే మాట్లాడి ఉంచండి. మా వ్యాను అన్న పాపని ముందు సీటులో తన పక్కన కూర్చోబెట్టుకోవడంతోనే సగం గొడవ తీరింది. జవాబు చెప్పాలన్న రూలేమీ లేదని కూడా పాపకి చెప్పండి. రోజూ తమ్ముడి తరఫున వకాల్తా తీసుకోవడం దానికి పని కాకూడదు.

స్నేహితుల్ని ఇంటికి పిలవడం ఈ పిల్లలు మానేస్తారు. అడగరు కూడా. బాబు థెరపీలో ఉన్న పూట, లేదా వాళ్ల నాన్న వాణ్ణి బయట తిప్పే పూట చూసి మీరే పిలవండి. ఒకసారి వాడు ఉండగా, ఒకసారి లేకుండా. రెండూ కావాలి.

క్లాసు టీచరుతో ఏటా జూన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడండి. మార్కులు పడిపోతే చెప్పమనే కాదు, అతిగా బుద్ధిగా ఉన్నా, చిన్న తప్పుకే వణికిపోతున్నా చెప్పమనండి. పదో తరగతి ఏడాది అయితే చదువుకునే చోటు ముందే చూసుకోవాలి. శ్రీకాకుళంలో మా ఆడపడుచు కొడుకు తెల్లవారుజామున చెల్లి లేవక ముందు రెండు గంటలు, సాయంత్రం ఎదురింటి మేడ మీద చదివి పరీక్షలు రాశాడు. ఆ మేడ అడగడానికి మా ఆడపడుచు ఎంత మొహమాటపడిందో! అడిగితే ఇచ్చారు.

6. పండగ మొత్తం మానేయకండి

మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు) తిరిగే రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడితే తెలుస్తుంది, డప్పులు, జనం, అరుపులు. బాబు అక్కడ రెండు నిమిషాలు ఉండలేడు. రెండేళ్లు మేమంతా తలుపులేసుకుని ఇంట్లోనే ఉన్నాం. విజయనగరంలో పుట్టిన పిల్ల పైడితల్లమ్మ సిరిమానుని టీవీలో చూసింది! కిందటి దసరా తర్వాత మాత్రం పంచుకున్నాం. నేను బాబుతో ఇంట్లో, పాప వాళ్ల నాన్న భుజం మీద. రాత్రి తిరిగొచ్చి, గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరిగిందనీ, మొదటిసారి పూజారిగారు కనబడలేదనీ, రెండోసారి చూశాననీ ఊపిరాడకుండా చెప్పింది. నాకు వెళ్లలేదన్న బాధ లేదనను. వచ్చే ఏడు నా వంతు.

అందరూ కలిసి వెళ్లే చోటికి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు బాబుతో బయటికొచ్చేస్తే పాప ఆట ఆగకుండా ఇంకొకరు ఉండేలా. ఎవరు బయటికి రావాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. దీపావళికి వీధి చివర, భోగికి తెల్లవారుజామున మంట దగ్గర, ఇదే లెక్క.

7. ఇద్దరికీ పనికొచ్చే ఆట ఒక్కటి

అక్క టీచరు కాదు. "తమ్ముడికి రంగులు నేర్పవే" అంటే అది ఆటలోంచి లేచిపోతుంది. బాబుకి ఏది ఇష్టమో అందులోంచే ఆట రావాలి. మావాడు చింతపిక్కలు ఒక్కొక్కటే వరసలో పేర్చుకుంటూ గంటలు కూర్చుంటాడు. వేసవిలో మా అమ్మ వామనగుంటల పీట తీసింది. గుంటకొక పిక్క వేసుకుంటూ పోవడం, టక్, టక్, టక్. వాడి కళ్లు వెలిగిపోయాయి. గెలవడం వాడికి పట్టదు, వరస తప్పకూడదు. పాప గెలుపు వదులుకోదు. అందుకని సరిపోయింది. వాడి వంతు అయిపోయాక చెయ్యి అక్క వైపు తోస్తాడు. "వంతు" అన్న మాట కిందటి వారం దాదాపు స్పష్టంగా అన్నాడు. పది నిమిషాలకి విసుగొస్తే ఆపేయండి, సాగదీయకండి.

8. వెనక పుట్టినవాళ్లు ఉంటే

ఆటిజం ఉన్న బిడ్డ తర్వాత పుట్టినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కూడా ఆటిజం కనబడుతుందని విదేశాల్లో చేసిన పెద్ద పరిశీలనలు చెబుతున్నాయి. అంటే నలుగురికి ఉండదు. భయపడక్కర్లేదు, చూపించాలి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి కావాల్సింది వేలితో చూపించకపోయినా ఆగకండి. ఏమీ లేదనిపించినా 18 నెలలకి, 24 నెలలకి ఒకసారి పరీక్ష చేయించండి. జిల్లా స్థాయిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించే ప్రభుత్వ కేంద్రం) ఇది ఉచితం. మూడేళ్లొస్తే మాటలొస్తాయిలే అని మేము పోగొట్టుకున్న ఏడాది మీరు పోగొట్టుకోకండి.

9. ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి

బడి రోజు పొద్దున్నే కడుపునొప్పి, మానేసిన పక్కతడుపు మళ్లీ రావడం, నిద్రలో ఉలికిపాటు, తిండి తగ్గడం, ఎవరితోనూ ఆడకపోవడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకి చూపించండి. ఈసారి బాబు ఫైలు కాదు, పాప ఫైలు. చచ్చిపోవాలనుంది, నేనెందుకు పుట్టాను లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకు టెన్షన్ ఎక్కువైనా అదే నంబరు. నేను ఒకసారి చేశాను.

10. ఇలాంటి పిల్ల ఇంకొకరుంటారు, వెతకండి

ఇలాంటి తోబుట్టువుల్ని ఒకచోట చేర్చి ఆటలాడించే సిబ్‌షాప్ అనే పద్ధతిని అమెరికాలో డాన్ మేయర్ అనే ఆయన మొదలుపెట్టాడు. మన దగ్గర అంత ఏర్పాటు అక్కర్లేదు, థెరపీ సెంటరు బయట బెంచీ చాలు. సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు పాపని కూడా విశాఖ తీసుకెళ్లాను. అదే బెంచీ మీద పలాస నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి, పదేళ్లుంటాయి, వాళ్ల తమ్ముడు లోపల ఉన్నాడు. పావుగంట ఇద్దరూ గోడకేసి చూశారు. నేను వాళ్లమ్మతో నీళ్లు పట్టుకోడానికి వెళ్లి వచ్చేసరికి లెక్కలు నడుస్తున్నాయి. "మావాడు నా సోషల్ పుస్తకం మూడు పేజీలు తినేశాడు తెలుసా?" అంటోంది ఆ పిల్ల. "తినేశాడా! మావాడు చింపుతాడంతే" అంది మా పాప, కాస్త ఓడిపోయినట్టు.